కింద ఉన్నవాడు చెప్పిన లెక్క

ఉడత అన్నది అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పందొమ్మిదో ఏట కరెంటు ఆఫీసులో చేరిన మొదటి నెలలోనే, నడుముకి తాడైనా కట్టుకోకుండా స్తంభం మీదికి జరజరా పాకేసి, కింద నిలబడ్డ మేస్త్రీకి గుండె ఆగినంత పని చేశాడు. ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ తిట్ల మధ్యలో దొర్లిన మాట అది. తిట్లన్నీ గాలికి పోయాయి గానీ ఆ ఒక్క మాటా అంటుకుపోయింది. పెళ్ళిచూపులకి వెళ్తే కాబోయే భార్య వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసి, "ఈయనేనా అన్నయ్యా, నువ్వు చెప్పే ఉడత?" అని అడిగిందట. ఆ అన్నయ్యే అతనికి తర్వాత బావ అయ్యాడు. అప్పటికే ఇద్దరూ ఒకే జట్టు. ఒకడు పైన, ఒకడు కింద.

లైన్ పనిలో ఈ పైనా కిందా అన్నది ఉత్త మాట కాదు. స్తంభం ఎక్కేవాడు చేతికి గడియారం పెట్టుకోడు, వేలికి ఉంగరం ఉంచుకోడు, జేబులో ఫోను కూడా తీసి కిందే వదిలేస్తాడు. వాడి కళ్ళు, చెవులు, గడియారం అన్నీ కింద నిలబడ్డ మనిషే. "లైను ఆపేశారు, ఎక్కు" అని కిందివాడంటే ఎక్కడమే. "చాలు, దిగు" అంటే దిగడమే. నిజంగా ఆపారా అని పైవాడు రెండోసారి అడగడు. అలా అడగడమంటే కిందివాణ్ణి చెంపదెబ్బ కొట్టినట్టే. అలా ఒకసారి అడిగిన కుర్రాడితో ఆ రోజు సాయంత్రం దాకా జట్టులో ఎవరూ మాట్లాడలేదు.

ముప్పైమూడేళ్ళు ఉడత పైన, బావ కింద. అతనికి పైన ఉండటం ఎందుకంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు, చెప్పడం చేతకాలేదు కూడా. పని అయిపోయి, కిందికి సైగ చేసి, ఇంకా స్తంభాన్ని కావలించుకుని ఉండగానే వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా దీపాలు వెలిగేవి. ఇళ్ళల్లోంచి పిల్లలు "వచ్చేసింది!" అని ఒక్కపెట్టున అరిచేవాళ్ళు. ఆ అరుపు అందరికన్నా ముందు చేరేది పైనున్నవాడికే.

పోయిన వానాకాలం స్తంభం ఎక్కుతుంటే తడిసిన మెట్టు మీద కాలు జారింది. కరెంటు కాదు, ఎవరి తప్పూ కాదు, ఉత్త వాన. రెండు నిలువుల ఎత్తు నుంచి పడ్డాడు. ఎడమ మోకాలి చిప్ప పగిలింది. బావ అతన్ని భుజాన వేసుకుని వీధి చివర దాకా పరిగెత్తాడు. ఆసుపత్రిలో తెలివొచ్చాక చూస్తే బావ చొక్కా నిండా బురద, కళ్ళ నిండా నీళ్ళు. "నీ బరువు ఇంతుందని తెలిస్తే నా చెల్లెల్ని ఇచ్చేవాణ్ణి కాదురా" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. మంచం పక్కన కూర్చున్న భార్య మాత్రం నవ్వలేదు.

కట్టు విప్పాక అతన్ని ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా జనం తిట్టే తిట్లు వినడం, అవి ఒక పుస్తకంలో రాసి బయటున్న జట్టుకి చెప్పడం, ఇదీ పని. జీతంలో తేడా ఏమీ రాలేదు. కుర్చీకి మెత్త కూడా వేశారు. పని ముగించుకుని వచ్చే కుర్రాళ్ళు మొదట్లో "ఏం ఉడతన్నా" అని పలకరించేవాళ్ళు. రెండు నెలలు తిరిగేసరికి వాళ్ళలో ఒకడు "ఫోనన్నా, టీ తాగావా?" అన్నాడు. వాడు వేళాకోళానికే అన్నాడు. మర్నాటి నుంచి అందరికీ అదే వాడుక అయిపోయింది.

ఆ రాత్రి అన్నం సగంలో లేచిపోయాడు.

కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ ఖచ్చితమైన మనిషి. మళ్ళీ లైను పని ఇప్పించమని అతను అడగ్గానే నియమాల కాగితం తీసి చూపించింది. పన్నెండు కిలోల సామాను సంచి భుజానికి తగిలించుకుని, ఆఫీసు మేడ ఆరంతస్తులూ రెండుసార్లు ఎక్కి దిగాలి. అంతా అయిదు నిమిషాల్లో అయిపోవాలి. అది గట్టెక్కితే స్తంభం మీద పరీక్ష, అది అతనికి లెక్కలోది కాదు. చలికాలం చివర్న ఒక అవకాశం ఇస్తారు. తప్పితే మూడు వారాలకి ఇంకొకటి. అదీ తప్పితే ఇక రిటైరయ్యే దాకా ఫోనే.

"పది వారాలుంది. మోకాలికి బలం రావాలి, ఒళ్ళు తేలికపడాలి" అన్నాడు డాక్టరు. "చలికాలం కదా అని ముడుచుకు పడుకోకండి. జిమ్‌లో చేరితే మంచిది."

బావామరుదులిద్దరూ జిమ్ చూడ్డానికి వెళ్ళారు. అద్దాల గోడ వెనక జనం బెల్టుల మీద పరిగెడుతున్నారు. నెలకెంతో అక్కడి పిల్ల చెప్పింది. బావ గుమ్మంలోనే వెనక్కి తిరిగాడు.

"డబ్బులిచ్చి మరీ ఉన్నచోటే పరిగెత్తాలా? ఆ పని మన ఆఫీసులో జీతమిచ్చి చేయిస్తున్నారు కదరా."

"మరెలా బావా?"

"మన క్వార్టర్లకి ఆరంతస్తులు లేవూ? లిఫ్టు చెడిపోయి రెండేళ్ళు కాలేదూ? ఇంతకన్నా పెద్ద జిమ్ము ఎవడు కట్టిస్తాడు?"

అలా మొదలైంది. మెట్లు అచ్చం ఆఫీసు మేడ మెట్లే, ఒకే కంట్రాక్టరు కట్టినవి, అంతస్తుకి పద్దెనిమిది. పాత సామాను సంచిలో ఇసుక పోసి పన్నెండు కిలోలకి తూచుకున్నారు. ఖాళీ నూనె డబ్బాల్లో నీళ్ళు నింపితే చేతులకి బరువులయ్యాయి. సైకిలు ట్యూబు ఒకటి కోసి కిటికీ ఊచకి కట్టి, రెండో కొసలో పాదం దూర్చి, మోకాలు చాచడం ముడవడం, రోజూ నలభై. మంచు కురిసే పొద్దుటిపూట బిగిసిన కండలతో మెట్లెక్కితే మొదటికే మోసమొస్తుందని డాక్టరు చెప్పాడు కాబట్టి, ముందు గదిలోనే గోడకి వీపు ఆనించి లేచీ కూచునీ ఒళ్ళు వేడెక్కించుకునేవాడు. భార్య తన పాత స్వెట్టరు చేతులు కత్తిరించి మోకాళ్ళకి తొడుగులు కుట్టింది. రోజూ పొద్దున్నే తనే నేల మీద కూర్చుని ఆ తొడుగు ఎక్కించి, పైన నాడా ముడేసేది.

"బిగుతుగా ఉందా?"

"సరిపోయింది."

"నెమ్మదిగా వెళ్ళండి. ఎవరూ తరుముకు రావట్లేదు."

మొదటి రోజు నాలుగో అంతస్తులో కూలబడిపోయాడు. అయిదో అంతస్తు అమ్మాయి నీళ్ళ బిందెతో ఎక్కుతూ, "జరుగు మావయ్యా" అని పక్కనుంచి వెళ్ళిపోయింది. అది విని బావ కిందనుంచి పకపకా నవ్వాడు. మూడోనాటికి ఆ బిందె తనే మోసిపెట్టాడు, సంచితో పాటు అదీ కసరత్తే అని. వారం తిరిగేసరికి ఆరంతస్తులూ ఆగకుండా ఎక్కాడు. రెండో వారం చివర్న రెండు సార్లూ పూర్తిచేశాడు. కింద మెట్టు మీద కూర్చున్న బావ ఫోనులోకి చూసి చెప్పాడు.

"ఆరు నిమిషాల నలభై."

"అంతేనా?"

"మొన్నటి దాకా నాలుగో అంతస్తులో కాపురం పెట్టినవాడివి, ఆశకి అంతుండాలి!"

మూడో వారం "అయిదూ ముప్పై" అన్నాడు బావ. ఉడతకి నమ్మకం కుదరలేదు. నిన్నటి కన్నా అంత తేడా ఏమీ తెలియలేదు మరి. ఊపిరి అలాగే ఎగపోస్తోంది, మోకాలు అలాగే సలుపుతోంది. కానీ ఫోను చూపించమని అడగలేదు. అడగాలన్న ఊహే రాలేదు. ముప్పైమూడేళ్ళ అలవాటు. కింద ఉన్నవాడు చెప్పాడు.

మూడో అంతస్తులో రిటైరైన హెడ్మాస్టరుగారుండేవారు. ఒంటరి మనిషి. పొద్దున ఆరున్నరకి తలుపు తీసిపెట్టుకుని, కుర్చీ గుమ్మంలో వేసుకుని రేడియో వార్తలు వినడం ఆయన నియమం. ఉడత సరిగ్గా వార్తల గంట మోగగానే మెట్లెక్కడం మొదలుపెట్టేవాడు. అయిదో వారంలో ఒకరోజు రెండోసారి దిగుతుంటే ఆయన కేకేశారు.

"ఏమయ్యా, ఇవాళ కూడా ఆలస్యమే!"

"ఇవాళ అయిదులోపు కొట్టేస్తున్నా మాస్టారూ!"

"అయిదేమిటి నా మొహం. అయిదు నిమిషాల వార్తలూ అయిపోయి, పాట ఎత్తుకుని, పల్లవి కూడా అయింది. నువ్వింకా నా గుమ్మం దగ్గరే ఉన్నావు."

ఉడత నవ్వుకుంటూ దిగిపోయాడు. కింద బావ, "నాలుగూ యాభై అయిదు!" అని లేచి వీపు చరిచాడు. మాస్టారి రేడియో సంగతి చెబితే, "ముసలాయనకి చెముడు, వార్తలు ఆయన దాకా ఆలస్యంగా చేరతాయి" అన్నాడు. ఇద్దరూ మెట్ల మీద పడి పడి నవ్వారు.

ఆ రోజునుంచి బావ పగ్గం కాస్త వదులు చేశాడు. "గీత దాటేశావు కదా, ఇక మోకాలు అరగదీసుకోకు. రోజు విడిచి రోజు చాలు." ఇంకో వారానికి, "నాలుగూ నలభైకి వచ్చేశావు, ఇంకా రెండేసి సార్లెందుకు, ఒక్కసారి ఎక్కి చూసుకో, మిగతాది పరీక్షరోజుకి దాచుకో." ఉడత దాచుకున్నాడు. చలి ముదిరిన ఆ వారాల్లో దుప్పట్లో ఇంకో అరగంట పడుకోవడం హాయిగానే ఉంది, కాదనడానికి లేదు. ఆఫీసులో ఫోను మోగితే, "ఇంకో నెలరోజులేనమ్మా మీరు నన్ను తిట్టేది" అని అవతలివాళ్ళకి అర్థం కాని మాటలు చెప్పేవాడు. పాత తాడు తీసి కొబ్బరినూనె రాశాడు. ఇంట్లో రాత్రిపూట భార్య మోకాలికి వేడినీళ్ళ కాపడం పెడుతుంటే, ముందు ఏ వీధి స్తంభం ఎక్కుతాడో చెప్పుకొచ్చేవాడు. ఆమె వింటూ గుడ్డ పిండేది.

పరీక్షనాడు ఆఫీసు మెట్ల దగ్గర కుర్రాళ్ళు పదిమంది మూగారు. ఇంజనీరమ్మ చేతిలో గడియారం పట్టుకుని నిలబడింది. బావ ఒక మూల గోడకి ఆనుకున్నాడు. ఉడత సంచి తగిలించుకుని కదిలాడు. బాగానే ఎక్కాడు, ఎక్కడా ఆగలేదు. రెండోసారి దిగి ఆఖరి మెట్టు మీద కాలు పెట్టి, చెమట తుడుచుకుంటూ నవ్వుమొహంతో చూశాడు.

"అయిదు నిమిషాల నలభై ఒక్క సెకన్లు" అందావిడ.

"కాదమ్మా."

"ఏం కాదు?"

"నాది నాలుగూ నలభై. ఇంటి దగ్గర వచ్చింది అదే. మీ గడియారం ఒకసారి చూసుకోండమ్మా, కొంచెం తేడా చేసినట్టుంది."

ఆవిడ గడియారం అతని చేతికిచ్చింది. అతను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, తిప్పి, మళ్ళీ చూశాడు. వెనకనుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. "ఫోనన్న గడియారాలు కూడా బాగుచేస్తాడట" అని ఇంకొకడన్నాడు. బావ వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "కంగారు పడ్డావురా. పదిమంది చూస్తుంటే ఎవడికైనా అంతే. ఇంకో అవకాశం ఉందిగా" అన్నాడు. ఆ చెయ్యి వేడిగా, బరువుగా ఉంది. దానికే ఆనుకుని ఇంటికొచ్చాడు.

రాత్రంతా మెట్లే కళ్ళముందు. కంగారు పడ్డానా? పడితే ఎన్నో అంతస్తులో పడ్డాను? మొత్తం నిమిషం ఎక్కడ జారిపోయింది? కొంచెం తెల్లవారగానే, బావ రాకముందే సంచి తీసుకుని బయటికొచ్చాడు. అంతవరకూ చేయని పని ఒకటి చేశాడు. తన ఫోను జేబులో పెట్టుకుని, మీట నొక్కి ఎక్కాడు. దిగాక చూశాడు. అయిదూ నలభై మూడు.

ఫోను పాతదనుకున్నాడు. ఊపిరి తీసుకుని మూడో అంతస్తుకి వెళ్ళాడు. మాస్టారు అప్పుడే తలుపు తీస్తున్నారు.

"మాస్టారూ, మీ గోడ గడియారం చూసి చెప్తారా, నేనెంతసేపట్లో ఎక్కి దిగుతానో?"

"రెండు నెలలుగా అదేగా చేస్తున్నా. కూర్చుని వార్తలు వింటూ నిన్ను చూడక ఇంకేం చూస్తాను?" అన్నారాయన. "అయిదున్నరకి తక్కువ ఎన్నడూ లేదు నాయనా. చెప్తే నవ్వావు. నాకు చెముడని మీ బావ అన్న మాట కూడా వినపడింది."

ఉడత ఆ గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. మాస్టారు గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టారు. ఆ రోజుకి రేడియో పెట్టలేదు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య కూరగాయలు తరుగుతోంది. తొడుగు కట్టించుకోకుండానే వెళ్ళాడని అప్పటికే చూసినట్టుంది, తొడుగు ఆమె పక్కనే ఉంది.

"మీ అన్నయ్య ఫోనులో గడియారం పాడయిందేమో" అన్నాడు.

కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. అంతే. ఇంకేమీ అక్కర్లేకపోయింది. పాతికేళ్ళ పైన ఆ చేతిని చూస్తున్నాడు, అది మధ్యలో ఆగే చెయ్యి కాదు.

"నీకు తెలుసా?"

"ఏవండీ..."

"తెలుసా తెలియదా?"

"నేనే అడిగాను. ఎలాగైనా ఆపు అన్నయ్యా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఏం చేస్తాడో నాకు ముందు చెప్పలేదు. తర్వాత చెప్పాడు."

"ఎప్పుడు?"

"మీకు అయిదులోపు వచ్చిందని వచ్చి నన్ను గిర్రున తిప్పారే, ఆ రోజు సాయంత్రం."

అతను లెక్కపెట్టుకున్నాడు. ఆ రోజు తర్వాత అయిదు వారాలు. ప్రతి పొద్దునా నేల మీద కూర్చుని నాడా ముడేసింది. బిగుతుగా ఉందా అని అడిగింది. ప్రతి రాత్రీ కాపడం పెట్టింది, అతను ఎక్కబోయే స్తంభాల కబుర్లు వింటూ.

"నాకు చెప్పొచ్చు కదే. వద్దు, భయంగా ఉంది అని ఒక్క మాట."

"చెప్పలేదా?" ఆమె గొంతు లేచింది. "ఆసుపత్రిలో చెప్పాను. కట్టు విప్పిన రోజు చెప్పాను. మీరేమన్నారు? 'ఆడవాళ్ళ భయాలు' అని నవ్వలేదూ? మిమ్మల్ని బురదలో ముద్దగా మోసుకొస్తే చూసింది నేను. మీకేం, మీకు తెలివి లేదు అప్పుడు."

ఆ మాటలో నిజముంది. అది ఆ క్షణంలోనే అతనికి తెలిసింది. తెలిసి కోపం తగ్గలేదు సరికదా ఇంకా పెరిగింది, ఎందుకంటే ఇక ఆ కోపాన్ని పూర్తిగా ఆమె నెత్తిన పెట్టడానికి కూడా లేకుండాపోయింది.

బావ సాయంత్రం వచ్చాడు. చెల్లెలు ముందే ఫోను చేసి ఉంటుంది, లోపలికి రాకుండా గుమ్మంలోనే చెప్పులతో నిలబడ్డాడు.

"మూడో వారం నుంచీ అబద్ధమేనా?"

"అవును."

"తక్కువ చెప్పావు ఎందుకు? ఎక్కువ చెప్తే నావల్ల కాదని మానేసేవాణ్ణిగా."

"నువ్వా?" బావ నవ్వబోయి మానుకున్నాడు. "నువ్వు మానే రకమా? ఏడు నిమిషాలని చెప్తే ఏడుసార్లు ఎక్కేవాడివి. బాగానే వస్తోందంటే కాస్త చల్లబడతావనుకున్నా. చల్లబడ్డావు కూడా."

"పదిమందిలో నన్ను నిలబెట్టావు. ఆవిడ గడియారం తప్పని నాతో అనిపించావు. ఆ తర్వాత కూడా కంగారు పడ్డావన్నావు చూడు, భుజం మీద చెయ్యేసి. అదైనా మానుకోవాల్సింది బావా."

బావ గుమ్మం చెక్క గోకాడు. "నువ్వు మళ్ళీ పైకెక్కితే కింద నిలబడేది నేనేరా. నువ్వు పడ్డ రోజు నుంచి నేను కింద నిలబడి పైకి చూళ్ళేకపోతున్నా. జట్టులో ఎవరికీ చెప్పలేదు. నీకెలా చెప్పను?" అన్నాడు.

"నువ్వు 'ఎక్కు' అంటే ఎక్కాను. ముప్పైమూడేళ్ళు. రెండోసారి అడగలేదు."

"తెలుసు."

"తెలిసే చేశావు."

బావ వెళ్ళిపోయాడు. తలుపు వెయ్యడానికి ఇంట్లో ఎవరూ లేవలేదు.

తర్వాతి మూడు వారాలూ ఉడత ఒక్కడే ఎక్కాడు. ఎవరినీ లెక్క అడగలేదు. తన ఫోను, తన జేబు. పొద్దున రెండుసార్లు, ఆఫీసు నుంచి వచ్చాక ఒకసారి. నూనె డబ్బాలు, సైకిలు ట్యూబు, గోడకి వీపు. పొద్దుటి చలి ఇంకా వదలని వారాలవి, నోట్లోంచి వచ్చే ఆవిరి మెట్ల మీద అతనికన్నా ముందు ఎక్కేది. మోకాలి తొడుగు తనే వేసుకుని తనే ముడేసుకున్నాడు. సరిగ్గా పడేది కాదు, మూడో అంతస్తుకి జారేది. భార్య గుమ్మంలో నిలబడి చూసేది. ఒకసారి వంగి చెయ్యి చాచింది కూడా. అతను కాలు వెనక్కి తీసుకున్నాడు.

వచ్చిన అంకెలు గోడ మీద పెన్సిలుతో రాశాడు. అయిదూ ముప్పై ఎనిమిది. అయిదూ ముప్పై. అయిదూ ఇరవై రెండు. ఒకరోజు మోకాలు వాచి మళ్ళీ అయిదూ ముప్పైకి పోయింది. ఆఖరి వారంలో అయిదూ పన్నెండు. ఆ అంకెల్లో ఒక్కటీ సంతోషపెట్టేది లేదు. కానీ ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసుకున్నట్టు గట్టిగా ఉండేది. మధ్యలో పోయిన అయిదు వారాలూ ఉండి ఉంటే ఆ వరస ఎక్కడిదాకా వచ్చేదో కూడా గోడ మీద కనిపిస్తూనే ఉండేది. ఆ లెక్క వేయకుండా ఉండటమే మెట్లెక్కడం కన్నా కష్టమైంది.

రెండో పరీక్షకి కుర్రాళ్ళెవరూ రాలేదు, పనుల మీద పోయారు. ఇంజనీరమ్మ, అతను, ఒక గుమాస్తా. బావ గేటు బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాడని గుమాస్తా చెప్పాడు. ఉడత అటు చూడలేదు.

ఈసారి ఎక్కడం అతనికి సరిగా గుర్తులేదు. రెండోసారి నాలుగో అంతస్తు మలుపులో మోకాలు చురుక్కుమనడం, కమ్మీ పట్టుకుని ఒక్క లిప్త ఆగడం గుర్తు. దిగొచ్చి సంచి దించి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి వంగిపోయాడు. ఎంత అని అడగడానికి కూడా ఊపిరి లేదు.

ఇంజనీరమ్మ గడియారం వంక చాలాసేపు చూసింది.

"అయిదు నిమిషాల ఆరు సెకన్లు."

అతను తలెత్తలేదు.

"మూడు వారాల్లో ముప్పై అయిదు సెకన్లు తగ్గించారు. ఈ వయసులో, ఆ మోకాలితో. ఇక్కడున్న కుర్రాళ్ళలో సగంమందికి రాదు ఇది." గుమాస్తా వైపు తిరిగి, "మీరెళ్ళి ఆ రెండో ఫైలు తీసుకురండి" అని పంపించేసింది. గుమాస్తా వెళ్ళాక గొంతు తగ్గించింది. "ఆరు సెకన్లదేముంది? నేను మీట నొక్కడంలో ఆలస్యమైందనుకుంటాను. నాలుగూ యాభై ఎనిమిదని రాసేస్తాను. సరేనా?"

ఉడతకి మొదట కలిగింది ఆనందమే. స్తంభం, తాడు, చివరి వీధి దాకా వెలిగే దీపాలు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. నోరు తెరిచాడు, సరేనమ్మా అనడానికే. ఆవిడ మొహంలోకి చూశాడు. మంచి మనసు. జాలి. ఎదుటివాడి మేలు కోరి నాలుగు సెకన్లు ఇటు, నాలుగు సెకన్లు అటు జరిపేసే మొహం. మూడు నెలలుగా ఇంట్లో అతను చూస్తున్న మొహం అదే.

"వద్దమ్మా" అన్నాడు.

"ఏమిటి?"

"ఎంతొచ్చిందో అంతే రాయండి."

"రాస్తే ఇక మీరు లైను ఎక్కడం ఉండదు. తెలుసుగా?"

"తెలుసమ్మా. అంతే రాయండి."

ఆవిడ రాసింది. రాస్తున్నంతసేపూ అతను ఆ పెన్ను మొనే చూశాడు. సంతకం పెట్టమంటే పెట్టాడు. బయటి మెట్ల దాకా వచ్చేసరికి వెనక్కి పరిగెత్తి ఆ కాగితం చింపెయ్యాలని బుద్ధి పుట్టింది. తనని తనే ఒక పచ్చి బూతు తిట్టుకున్నాడు. అయినా కాళ్ళు ముందుకే నడిచాయి.

గేటు దగ్గర బావ ఎదురొచ్చాడు.

"ఎంతరా?"

"అయిదూ ఆరు."

బావ అతని కళ్ళలోకి పరీక్షగా చూశాడు. నిజం చెబుతున్నాడా లేదా అని చూస్తున్నాడని ఉడతకి అర్థమైంది. జీవితంలో మొదటిసారి బావ అతని మాటని తూచి చూసుకుంటున్నాడు.

"ఆరు సెకన్లకి ఎవరాపుతారు? కాళ్ళో గడ్డమో పట్టుకుని అడగలేకపోయావా?"

"ఆవిడ ఇస్తానంది. నేనే వద్దన్నా."

"ఎందుకురా?"

ఉడత ముందుకి నడిచాడు. బావ సైకిలు నడిపించుకుంటూ రెండడుగులు వెనకాల వచ్చాడు. వీధి మలుపు తిరిగేదాకా చక్రం చప్పుడు వినిపించింది, తర్వాత ఆగిపోయింది. అతను వెనక్కి చూడలేదు.

ఆరంతస్తుల మేడలో వాళ్ళ ఇల్లు రెండోదాంట్లో. భార్య మెట్ల మీదకే వచ్చి నిలబడింది, కొంగు చేత్తో నలుపుతూ.

"ఏమైందండీ?"

"పోయింది. ఇక ఫోనే."

ఆమె మొహంలో ముందు వచ్చింది ఊరట. కళ్ళు ఒక్కసారి మూతపడి తెరుచుకున్నాయి, పట్టి ఉంచిన ఊపిరి వదిలింది. ఆ తర్వాతే, దాని వెనకాలే, జాలి వచ్చింది, కన్నీళ్ళు వచ్చాయి. "అయ్యో" అంది. ఆ "అయ్యో" కూడా నిజమైనదే, అతనికి తెలుసు. కానీ ఏది ముందొచ్చిందో చూసేశాడు. ఆమె చూడనివ్వకూడదనుకుంది, కుదరలేదు.

"జరుగు" అన్నాడు మెల్లగా, పక్కనుంచి లోపలికి వెళ్ళడానికి.

ఆమె జరిగింది.